పని పిండి

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పుస్తకాలకు అట్టలు వేస్తాడు కనుక అట్టలాయన. ఆయన్ని కట్టుకుంది కనుక ఆవిడ అట్టలావిడ. వాళ్ళది రెండు గదుల ఇల్లు. వీధి వైపుది పనిగది, వెనకది వంటకీ పడకకీ కూడా. రెండిటికీ మధ్య తలుపు ఒకటుండేది కానీ, చెక్క ఉబ్బిపోయి మూసుకోవడం ఎప్పుడో మానేసింది. బాగుచేయించాలని ఆయన ఏటా అనుకునేవాడు. బల్ల మీద ఎప్పుడూ నాలుగు పుస్తకాలు పేగులు బయటపెట్టుకుని పడి ఉండే మనిషికి తలుపు సంగతి ఎక్కడ గుర్తుంటుంది!

ఆయన పనితనానికి మాత్రం వంక పెట్టడానికి లేదు. వీపు ఊడి, పేజీలు చెదిరి, చూస్తే జాలేసే పుస్తకం ఆయన చేతికి వచ్చేది. దాన్ని ఫారాలుగా, అంటే మడత కాగితాల కట్టలుగా విడదీసి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టి, వీపుకి గుడ్డ వేసి, అట్ట తొడిగి చెక్క ప్రెస్సులో బిగించేవాడు. బయటికి తీశాక అది తెచ్చిచ్చినవాళ్ళే గుర్తుపట్టలేనంత దిట్టంగా ఉండేది. ఊరి లైబ్రరీ పనంతా ఆయనదే. కిటుకంతా జిగురులో ఉందనేవాడు. కొట్లో దొరికే డబ్బా గమ్ము పేరెత్తితే మొహం చిట్లించేవాడు. "అది వేస్తే వీపు పెళుసెక్కి విరుగుతుంది. మైదా జిగురు వేస్తే మనవల దాకా నిలుస్తుంది" అనేవాడు, పిల్లలైనా లేని ఆ మనిషి.

మైదా జిగురు అంటే మైదాపిండి జల్లించి, చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉడికించేది. దించాక అందులో కాస్త మైలుతుత్తం కలుపుతారు. నీలంగా కళ్ళు మిరుమిట్లు గొలిపే ఆ విషం వల్ల పురుగూ బొద్దింకా పుస్తకం జోలికి రావు. అందుకని ఆ ఇంట్లో పిండి రెండు రకాలు. వంట అరలో డబ్బాలో ఉండేది తినే పిండి. బల్ల కింద గోనెసంచిలో, మైలుతుత్తం సీసా పక్కన ఉండేది పని పిండి. రెండూ ఒకే కొట్టు నుంచి ఒకే బండిలో వచ్చినా, గడప దాటి లోపలికి రాగానే వాటి మధ్య చుట్టరికం తెగిపోయేది. పని పిండి ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, దాని గిన్నెలో వేరే ఏదీ వండకూడదు, దాని గరిటె వంటగిన్నెల్లో పెట్టకూడదు. ఆ విషయంలో ఆయన మహా పట్టుదల మనిషి.

జల్లించే పని ఆవిడది. పెళ్ళయిన కొత్తలో ఆయనే జల్లించుకునేవాడు. జల్లెడ పట్టుకున్నాడంటే చాలు, తుమ్ములు మొదలై కళ్ళూ ముక్కూ ఏకమయ్యేవి. "ఇలా ఇవ్వండి, మీరు తుమ్మితే పేజీలన్నీ ఎగిరిపోతున్నాయి" అని ఆవిడ నవ్వుతూ జల్లెడ లాక్కుంది. లాక్కున్నది ఇక తిరిగి ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే రెండు గదుల మధ్య గడప దగ్గర పీట వేసుకుని జల్లించేది. వెలుతురులో తెల్లటి పొగలా లేచి, పొయ్యి మీద, అన్నం గిన్నె మీద, మంచినీళ్ళ బిందె మీద పిండి మెల్లగా వాలేది. ఆవిడ కనురెప్పలు కూడా తెల్లబడేవి. "ముసలిదానివైపోయావే" అని ఆయన ఆటపట్టించేవాడు. "మీతో కాపురం చేస్తే కాకేం చేస్తాను" అనేది ఆవిడ.

ముసలితనం దాకా వెళ్ళే ఒళ్ళు కాదు ఆవిడది. ఎప్పుడూ కడుపు ఉబ్బరం, విరేచనాలు. తిన్నది తిన్నట్టే పోయేది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. రెండుసార్లు కడుపు నిలబడింది, రెండుసార్లూ పోయింది. వీధిలో ఆడవాళ్ళు అడగడం మానేశారు, అది అడగడం కన్నా ఎక్కువ బాధించింది. డాక్టర్లు రక్తం లేదన్నారు, నులిపురుగులన్నారు, మనసులో దిగులన్నారు. దిగులు మాత్రం నిజమే, అది వాళ్ళ మందులు మింగాక మరికాస్త పెరిగింది.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు గొట్టం వేసి పేగు ముక్క తీయించి పరీక్ష చేయించాడు. జబ్బు పేరు సీలియాక్ అన్నాడు. గోధుమల్లో, బార్లీలో గ్లూటెన్ అని ఒక జిగట పదార్థం ఉంటుందనీ, అది లోపలికి వెళితే ఈ మనిషి ఒళ్ళు తన పేగుని తానే కొరుక్కుంటుందనీ విడమరిచి చెప్పాడు. దీనికి మందు లేదు, గోధుమ మానడమే మందు.

"అంతేనా?" అన్నాడు అట్టలాయన. ఇన్నేళ్ళు ఏడిపించిన జబ్బుకి ఇంత చిన్న మందా అని ఆయనకి నవ్వు కూడా వచ్చింది.

"అంతే. కానీ రవ్వంత కూడా వెళ్ళకూడదు. దీని మీద మంచి పుస్తకాలున్నాయి, సంపాదించి చదవండి" అన్నాడు డాక్టరు.

పుస్తకాలు అనగానే అట్టలాయనకి ప్రాణం లేచొచ్చింది. జబ్బుల లోకంలో దిక్కు తెలియక తిరుగుతున్నవాడికి తన వీధే ఎదురైనట్టయింది. తిన్నగా లైబ్రరీకి వెళ్ళాడు. లైబ్రేరియన్ అప్పుడే తిరిగొచ్చిన పుస్తకాల దొంతర నుంచి మూడు పుస్తకాలు తీసింది. ఒకటి ఎవరో డాక్టరు రాసిన ప్రశ్నలూ జవాబులూ. ఒకటి గోధుమ లేకుండా వండుకునే వంటల పుస్తకం. మూడోది ఈ జబ్బుతో బతికిన ఒకావిడ తన సంగతులు తానే రాసుకున్నది. మూడూ శిథిలంగా ఉన్నాయి.

"ఇవి అరలో నిలవవండీ. ఒకళ్ళు తేగానే ఇంకొకళ్ళు పట్టుకుపోతారు. ఈ జబ్బువాళ్ళకి ఇవే దిక్కు. పేజీలు ఎలా నలిగిపోయాయో చూడండి" అందామె.

"బాగుచేసి ఇస్తాను. చదివాకే సుమా!" అన్నాడు అట్టలాయన.

అలా ఆ పుస్తకాలు ఇంటికొచ్చాయి. ఆ రోజులు ఆ ఇంట్లో మంచి రోజులని చెప్పాలి. ఆయన ఒక పుస్తకం విప్పి కుడుతుంటే ఆవిడ పక్కన కూర్చుని ఇంకోటి పైకి చదివేది. ఏది తినొచ్చో, ఏది తినకూడదో, సూపులో చిక్కదనానికి ఏం కలుపుతారో, మాత్రల పైపూతలో ఏం ఉండొచ్చో చదువుతూ ఇద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. ఒకరోజు డాక్టరు పుస్తకంలో ఆవిడ ఇలా చదివింది: గోధుమపిండిని తడిపితే సాగేలా, అంటుకునేలా చేసేది ఈ గ్లూటెనే.

అట్టలాయన చేతిలో కుంచె ఆగింది. "విన్నావా? అందుకే మన జిగురు ఊడదు! నేను ఇన్నాళ్ళూ నా చెయ్యి గొప్పదనుకుంటున్నాను" అన్నాడు.

"పోన్లెండి, మీ గొప్పేమిటో ఇప్పటికి తేలింది" అందావిడ.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆవిడ పేజీ తిప్పింది. ఆయన కుంచె ముంచాడు.

నాకు ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జవాబు వాళ్ళ నోటి దాకా వచ్చి, నవ్వై బయటికి పోయింది. వాళ్ళని తప్పుపట్టి ఏం లాభం? పుస్తకం నిండా తినేవాటి గురించే ఉంది. విషం కలిపే పిండిని తిండి అని ఎవరనుకుంటారు?

తినే పిండి మీద మాత్రం యుద్ధం ప్రకటించారు. డబ్బాతో సహా పారేశారు. రొట్టెలు కాల్చే పెనం, పీట, కర్ర, అన్నీ పోయాయి. ఆయనకి రొట్టె అంటే ప్రాణం, అయినా ఇంట్లో తినడం మానేశాడు. అరలు వేణ్ణీళ్ళతో కడిగారు. కడిగిన అరల్లో కడిగిన గిన్నెలు బోర్లించి, మర్నాడు పొద్దున్న ఆవిడ గడప దగ్గర పీట వేసుకుని పని పిండి జల్లించింది.

మొదట్లో కాస్త తేరుకుంది. మొహంలో కళ వచ్చింది. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి డాక్టరు కళ్ళజోడు తీశాడు.

"గోధుమ ఇంకా లోపలికి వెళుతోంది."

"లేదండీ, ఒక్క ముక్క ముట్టుకోలేదు" అందావిడ.

డాక్టరు ఆవిడని బయట కూర్చోమని, ఆయనతో గొంతు తగ్గించి చెప్పాడు. "రక్తం అబద్ధం చెప్పదు. చాలామంది నోరు కట్టుకోలేరు, చాటుగా తింటారు. మీరే ఓ కన్నేసి ఉంచాలి." ఇంట్లో ఏం పని చేస్తారని డాక్టరు అడగలేదు. అట్టలాయన చెప్పలేదు.

అనుమానం ఒకసారి ఇంట్లో కాలు పెట్టాక కూర్చోమనకపోయినా కూర్చుంటుంది. అట్టలాయన పుస్తకం కుడుతూనే వెనకగదిలో చప్పుళ్ళకి చెవి ఒగ్గేవాడు. ఆవిడ బజారుకి వెళ్ళొస్తే సంచి తడిమేవాడు. దిండు కింద చూశాడు. వీధి చివర బేకరీ అతని దగ్గరికి వెళ్ళి, తలుపు చాటున నిలబడి అడిగాడు.

"మా ఆవిడ నీ దగ్గర ఏమైనా కొంటోందా?"

"లేదండీ. ఆవిడ ఈ గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో!"

"వస్తే ఇవ్వకు. తింటే చచ్చిపోతుంది."

ఆ మాట కొట్లో ఉన్న నలుగురూ విన్నారు. నలుగురు వింటే వీధంతా విన్నట్టే. అప్పట్నుంచి ఆవిడ బజారుకి చుట్టుతిరిగి వెనకవీధి మీదుగా వెళ్ళేది. బేకరీ అద్దాల ముందు నుంచి నడిస్తే జనం తన మూతి వైపు చూస్తున్నారనిపించేది.

ఒక పొద్దున్న ఆయన బయటికి వెళ్ళి వచ్చేసరికి ఆవిడ పొయ్యి ముందు నిలబడి ఉంది. పై పెదవి మీద తెల్లగా పిండి ఉంది.

"ఏం తిన్నావ్?" అన్నాడు.

"ఏం తినలేదు."

"మూతి మీద అదేంటి?"

ఆవిడ చేత్తో తుడుచుకుని వేళ్ళు చూసుకుంది. "ఇప్పుడే జల్లించాను కదండీ, పిండి."

"పని పిండి సంగతి నాకు చెప్పకు. నేను అడిగేది నువ్వు తిన్నదాని గురించి. బిస్కెట్టా? బన్నా?"

"పని పిండేనండీ! ఒట్టు!"

"ఒట్టు కూడా వేస్తున్నావా? రక్తం అబద్ధం చెప్పదన్నాడు డాక్టరు. అంటే చెప్పేది ఎవరు?"

ఆవిడ జిగురు అడుగంటుతోందని గుర్తొచ్చి గరిటె అందుకుని తిప్పింది. ఆయన విసురుగా వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ వేడి జిగురు గిన్నె తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఆయన ఆ జిగురుతోనే సీలియాక్ పుస్తకానికి కొత్త అట్ట వేశాడు. జబ్బువాళ్ళు ఎక్కువ తిప్పే పుస్తకం కదా అని వీపుకి రెండో పూత కూడా పూశాడు.

ఒంట్లో మరీ ఓపిక లేకపోతే ఆవిడ చెల్లెలు వచ్చి తన ఇంటికి తీసుకెళ్ళింది. చెల్లెలి ఇంట్లోనూ గోధుమ లేని వంటే. అక్కడ ఆవిడ వారాలు గడిచేకొద్దీ కోలుకుంది. విరేచనాలు కట్టాయి, బుగ్గలు నిండాయి, మెట్లు ఆయాసం లేకుండా ఎక్కింది. తిరిగొచ్చినప్పుడు గుమ్మంలో నిలబడితే అట్టలాయన ఒక్క క్షణం ఎవరో అనుకున్నాడు. సంతోషించాలా వద్దా? సంతోషించాడు, కానీ ఆ సంతోషం పూర్తిగా మింగుడుపడలేదు.

"చూశావా? అక్కడ మీ చెల్లెలు కాపలా ఉంది కనుక బాగుపడ్డావు. ఇక్కడైతే నా కళ్ళు కప్పడం నీకు తేలిక" అన్నాడు.

ఇంటికొచ్చినావిడతో అన్న మొదటి మాట అది. ఆవిడ సంచి కింద పెట్టి, వెనకగదిలోకి వెళ్ళి, మొహం కడుక్కుని, జల్లెడ తీసుకుంది. తను లేనన్నాళ్ళూ ఆయన ఉండలున్న జిగురుతో అవస్థ పడ్డాడని ఆవిడకి తెలుసు.

మళ్ళీ చిక్కిపోవడం మొదలుపెట్టింది. ఈసారి ఆయన తన అక్కని పిలిపించాడు. ఆ పెద్దావిడ డేగ కళ్ళ మనిషి. వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే చీమ కూడా పంచదార పలుకు ఎత్తుకెళ్ళలేదు. మరదలు వండుతుంటే చూసింది, తింటుంటే చూసింది, పెరట్లోకి వెళితే వెనకాలే వెళ్ళింది. పొద్దున్నే పిండి జల్లిస్తుంటే ఎదురుగా కూర్చుని, దుమ్ముకి దగ్గుతూ, కొంచెం పక్కకి జరుపుకోవమ్మా అని విసుక్కుంది. కొన్నాళ్ళు చూసి తమ్ముడితో తేల్చి చెప్పింది.

"ఒరేయ్, అది ఏమీ తినడం లేదురా. నా మాట నమ్ము."

"నీ కళ్ళు కూడా కప్పేసిందన్నమాట" అన్నాడు తమ్ముడు.

అక్క ఆయన వంక అదోలా చూసి, మూట సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అట్టలావిడ మూడో పుస్తకం, ఆ రోగిష్టి ఆవిడ రాసుకున్నది తెచ్చి, ఆయన ముందు కూర్చుని ఒక పేజీ పైకి చదివింది. రాసినావిడని కూడా ఇంట్లోవాళ్ళు దొంగతిండి అని అనుమానించారట. నొప్పి కన్నా ఆ చూపు ఎక్కువ కోసిందని రాసింది. చదవడం అయిపోయాక ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన దారానికి మైనం రాస్తూ తలెత్తలేదు. విన్నాడు. బాగానే విన్నాడు. కానీ పుస్తకంలోవాళ్ళు వేరు, మనవాళ్ళు వేరు అనుకున్నాడు.

ఆ చలికాలం ఒక పొద్దున్న వీధి గుమ్మంలో ఒకామె వచ్చి నిలబడింది. వెంట చిన్నపాప ఉంది. లైబ్రేరియన్ అడ్రసు ఇచ్చిందట.

"మీరేనా ఆ పుస్తకాలు బైండు చేసింది? మా పాపకి సీలియాక్ అండీ. ఆ మూడు పుస్తకాలే మమ్మల్ని బతికించాయి. మీరు బాగుచేయకపోతే ముక్కలైపోయేవని చెప్పారు. థ్యాంక్స్ చెప్పి వెళదామని వచ్చాను."

అట్టలాయన పొంగిపోయాడు. ఆ గదిలోకి ఎవరైనా మెచ్చుకోవడానికి రావడం అదే మొదటిసారి. "రండమ్మా, లోపలికి రండి! మా ఆవిడకీ అదే జబ్బు. ఏమే, ఇలా రా, ఎవరొచ్చారో చూడు!"

ఆవిడ గడప దగ్గర పీట మీద ఉంది. జల్లెడ ఇంకా చేతిలో ఉంది. ఎండ పడ్డచోట పిండి లేచి తేలుతోంది. ఆవిడ తెల్లటి రెప్పలతో నవ్వుతూ లేవబోయింది.

వచ్చినామె ఒక అడుగు లోపలికి వేసి ఆగిపోయింది. చటుక్కున పాపని వెనక్కి లాగి, ముక్కూ నోరూ తన చేత్తో మూసింది.

"అది ఏం పిండండీ?"

"మైదా అమ్మా, జిగురుకి. కంగారుపడకండి, అది తినే పిండి కాదు, పని పిండి" అన్నాడు అట్టలాయన.

ఆమె ఆయన వంక, గోనెసంచి వంక, మూయని తలుపులోంచి కనిపిస్తున్న పొయ్యి వంక, దాని మీద అన్నం గిన్నె వంక చూసింది. చివరికి ఆవిడ వంక చూసింది. ఆ ఎముకల గూడుని చూస్తుంటే ఆమె మొహంలో రంగు పోయింది.

"మైదా అంటే గోధుమే కదండీ! రోజూ జల్లిస్తారా? ఆవిడే జల్లిస్తారా? ఆ పిండంతా నోట్లోకి పోదూ? అన్నంలో పడదూ?"

ఆమె పాపని ఎత్తుకుని మెట్లు దిగింది. వీధిలోంచే, గొంతు తగ్గించి, "వెంటనే మానేయండి, డాక్టరుకి చెప్పండి, ప్లీజ్" అని వెళ్ళిపోయింది. థ్యాంక్స్ మళ్ళీ చెప్పలేదు.

అట్టలాయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కంటికి ముందుగా కనబడింది ఆవిడ పై పెదవి. అప్పుడూ అలాగే ఉంది, ఇప్పుడూ అలాగే ఉంది, తెల్లగా.

ఆవిడ మాత్రం జల్లెడ నెమ్మదిగా కింద పెట్టింది. ఆవిడ మొహంలో భయం లేదు. ఎన్నేళ్ళుగానో బిగబట్టిన ఊపిరి వదిలింది.

"హమ్మయ్య! చూశారా, నేను తినలేదు" అంది.

నవ్వింది కూడా. కేసు గెలిచినవాళ్ళు అలా నవ్వుతారు. ఆయన అక్కడే, పిండి దుమ్ములోనే, నేల మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. ఆవిడ వచ్చి ఆయన తల మీద చెయ్యి వెయ్యబోయి, చేతికి పిండి ఉందని ఆగిపోయింది.

గోనెసంచి ఆ పూటే వీధి దాటింది. ఇల్లంతా తడిగుడ్డ పెట్టి తుడిచాడు. ఉబ్బిన తలుపు చిత్రిక పట్టించి మూయించాడు. డబ్బా గమ్ము తెచ్చుకున్నాడు. ఆవిడ కోలుకుంటుందని డాక్టరు కూడా అన్నాడు. కొన్నాళ్ళు కోలుకుంది కూడా. తర్వాత కడుపులో నొప్పి వేరేగా మొదలైంది. పరీక్ష చేస్తే పేగులో గడ్డ ఉంది, చెడ్డ గడ్డ. ఎన్నేళ్ళో మానకుండా పుండుగా ఉన్న పేగులో ఒక్కోసారి అలా వస్తుందట.

"ఆ పిండి లేకపోతే ఇది వచ్చేది కాదా?" అట్టలాయన అడిగాడు.

"చెప్పలేం. రాకపోయేదేమో. వచ్చేదేమో" అన్నాడు డాక్టరు.

ఆ జవాబు కన్నా తిడితే బాగుండేది.

ఆవిడని ఆసుపత్రిలో చేర్చారు. గొట్టాలు, సెలైను, పక్క మంచం మీద ఎవరో మూలుగు. ఆయన స్టూలు మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకునేవాడు. పట్టుకునే ముందు ప్రతిసారీ వెళ్ళి సబ్బుతో కడుక్కొచ్చేవాడు. ఆవిడకి అది చూస్తే నవ్వొచ్చేది.

"ఒక్కటి అడుగుతాను, చేస్తారా?" అందొకరోజు.

"చెప్పు."

"నేను దొంగతనంగా తింటున్నానని అందరితో అన్నారు కదా. నేను తినలేదని వాళ్ళకి చెప్పండి. బేకరీ అతనికి కూడా."

"చెబుతాను. అందరికీ చెబుతాను. నన్ను క్షమించు" అన్నాడు. ఏడుపులో ఆఖరి మాట ఆవిడకి వినబడిందో లేదో. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. మరి కొన్నాళ్ళకి అలాగే పోయింది.

దహనం అయ్యాక అట్టలాయన కొన్నాళ్ళు పనిగది తలుపు తీయలేదు. తీసిన రోజు తిన్నగా లైబ్రరీకి వెళ్ళి ఆ మూడు పుస్తకాలూ అడిగాడు. పుస్తకం లోపలి ఎండిన జిగురు ఎవరినీ ఏమీ చేయదనీ, ఎవరూ అట్ట నమిలి తినరనీ డాక్టరు ముందే చెప్పాడు. అయినా ఆయనకి మనసొప్పలేదు. తను వేసిన అట్టలు తానే ఊడదీయడానికి కూర్చున్నాడు. అవి ఊడితేనా! తడిగుడ్డ చుట్టి నానబెట్టాడు, గీకాడు, కత్తి మొనతో లేపాడు. మూతికి గుడ్డ కట్టుకున్నాడు, ఆవిడకి ఒక్కరోజూ కట్టనిది. రెండో పూత పూసిన వీపు దగ్గర కత్తి పదేపదే జారి వేలు తెగింది. మనవల దాకా నిలిచే జిగురు కదా మరి.

డబ్బా గమ్ముతో మళ్ళీ కట్టి తీసుకెళ్ళి లైబ్రేరియన్ బల్ల మీద పెట్టాడు.

"ఒక మాట చెప్పాలండీ. మా ఆవిడ చాటుగా తింటోందని మీతో అన్నాను. తినలేదు. అది నా పిండి."

ఆమె పుస్తకాల మీద చెయ్యి వేసి మెల్లగా అంది. "తింటుందని నేనెప్పుడూ అనుకోలేదండీ. ఆ పుస్తకాలు ఆవిడ ఎలా చదివేదో నాకు తెలుసు."

అక్క ఇంటికి వెళ్ళాడు. ఆ పెద్దావిడ గుమ్మంలోనే ఆపి, మాట పూర్తి కానివ్వకుండా ఏడుస్తూ, "నేను అప్పుడే చెప్పానా లేదా? నీకు చెప్పానా లేదా?" అంది. భార్య చెల్లెలైతే తలుపే తీయలేదు. కిటికీలోంచి, "మాకు చెప్పేదేమిటి బావా, మాకు తెలియందా" అంది.

బేకరీ ఒక్కటి మిగిలింది. జనం తగ్గేదాకా వీధిలో నిలబడి, అప్పుడు లోపలికి వెళ్ళాడు. కొత్తగా కాల్చిన రొట్టె వాసన గుప్పుమంది. ఒకప్పుడు ఆ వాసనకే ప్రాణం పెట్టేవాడు. బేకరీ అతను మోచేతుల దాకా పిండితో, పిండి మీద పిండి చల్లుతూ తలెత్తాడు. అట్టలాయనకి తెలియకుండానే చెయ్యి నోటి దగ్గరికి పోయింది.

"మా ఆవిడ నీ దగ్గర ఏమీ కొనలేదు. ఆ రోజు నలుగురిలో నేనన్నది తప్పు. అది చెబుదామని వచ్చాను."

అతను చేతులు దులుపుకున్నాడు. రొట్టెలున్న అద్దం తుడిచాడు.

"నేను ఆ రోజే చెప్పాను కదండీ, ఆవిడ రాలేదని. మేమందరం నమ్మాం. మీరే నమ్మలేదు."

అట్టలాయన తల ఊపి బయటికి వచ్చాడు. అందరికీ చెప్పమంది, అందరికీ చెప్పాడు. అందరికీ ముందే తెలుసు. వీధిలో నడుస్తుంటే, ఆవిడ చుట్టుతిరిగి వెళ్ళిన వెనకవీధి కనబడి, ఆ దారినే ఇంటికి పోయాడు. తాళం తీసి, వెనకగదిలోకి వెళ్ళి, ఇప్పుడు మూసుకునే తలుపు మూసి, పొయ్యి ముందు నిలబడి, "నువ్వు తినలేదు" అని ఒక్కసారి పైకి అన్నాడు.